మన సన్నికల్లునకు వయస్సెంత?

గడచిన మాసమున జల్‌పల్లిలో మా వీధి చివరనున్న యొక పాత పెంకుటిల్లు పడగొట్టిరి. దాని స్థానమున మూడంతస్తుల మేడ లేవనున్నది. ఇంటి సామానంతయు బండి కెక్కిన పిమ్మట గోడమొదట నొక సన్నికల్లును దాని పొత్రమును మాత్రము మిగిలిపోయెను. కూలివాండ్రు దానిని పునాదిరాళ్ళ కుప్పలో వేయబోవుచుండగా ఆ యింటి అవ్వ యడ్డుపడి దానిపైననే కూర్చుండెను. మేము పోయి పలుకరించితిమి.

"పంతులమ్మా, మా కోడలు మిక్సీ ఉన్నది గద, రాయెందుకంటది. నా పెండ్లిల ఈ రాయి మీద్నే కాలు పెట్టిచ్చిండ్రు. దీన్ని ఎట్ల పారేస్త?" అని యామె యనెను.

"ఇది ఎన్నేండ్లనాటిది అవ్వా?" అని మేమడిగితిమి.

"మా అత్తకు వాళ్ళత్త ఇచ్చిందట. గంతకు ముందటి సంగతి రాయినే అడగాలె" అని యవ్వ నవ్వెను.

ఆ మాట మా మనస్సును విడువలేదు. రాతిని అడిగి సమాధానము రాబట్టువారు లోకమున నిజముగనే కలరు. వారు శాసనములను చదువువారు గారు. అక్షరము పుట్టకపూర్వము భూమిపై నివసించినవారి సంగతిని వారి పొయ్యి బూడిదవలనను, పగిలిన కుండపెంకుల వలనను, మాడిన గింజల వలనను, నూరుడురాళ్ళ వలనను దెలిసికొనువారు. ఈ మాసమున మన శీర్షికలో వారి పనిని గూర్చి ముచ్చటింప దలచితిమి. సోదరీమణులలో గొందరు, చరిత్ర యనిన రాజుల జాబితాయే గదా, మనకేల యని యనుకొనవచ్చును. ఈ చరిత్రలో రాజు పేరు ఒక్కటియు రాదు. వచ్చునవి పొయ్యి, కుండ, పేడ, ఉలవలు, రోలు, రాయి. ఇవి మన యెరుకలోని వస్తువులే.

ఈ విద్యకు ఉత్తర యూరోపు పుట్టినిల్లు వంటిది. డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హేగనులో థామ్సెన్ అను నాతడు ప్రదర్శనశాలలోని ప్రాచీన వస్తువులను సర్దుచు, మానవుడు మొదట రాతితోను, పిదప కంచుతోను, అటుపిమ్మట నినుముతోను పనిముట్లు చేసికొనెనని యెంచి, 1836 లో ఆ క్రమమును ప్రకటించెను. రాతియుగము, కంచుయుగము, ఇనుపయుగము అని మన పిల్లలు బడిలో వల్లించు మాటల కదియే మూలము. తరువాత నదే దేశమున సముద్రతీరమందలి పెద్దపెద్ద గుల్లల దిబ్బలను బండితులు పరిశీలించిరి. అవి యలలు తెచ్చి పోసినవి గావు. వేలయేండ్ల క్రిందట నక్కడ నివసించినవారు ఆలిచిప్పలను, చేపలను, అడవిమృగములను దిని పారవేసిన పెంట. దానికి వారు పెట్టిన పేరునకు వంటింటి కుప్ప యని యర్థము. మనము ప్రతిదినము పెరటిలో బారబోయు వ్యర్థమే యొకనాటికి గ్రంథమగు నన్నమాట!

ఆ దేశములలో మరియొక సౌకర్యము కలదు. అచ్చట నీరు నిలిచిన బురదనేల లనేకములు. వానిలో నేటేట రాలిన చెట్ల పుప్పొడి చెడక పొరలుపొరలుగా నిలిచియుండును. ఐవర్సెన్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆ పుప్పొడిని సూక్ష్మదర్శినితో లెక్కించి 1941 లో ఒక సంగతి తెలిపెను. ఒక పొరవరకు మహావృక్షముల పుప్పొడియే నిండియున్నది. ఆపైన నది హఠాత్తుగా దగ్గినది. బొగ్గుకణములు కనబడినవి. పిదప గడ్డిజాతుల పుప్పొడియు, పశువులు త్రొక్కిన నేలలలో మొలచు కలుపుమొక్కల పుప్పొడియు, ధాన్యపు పుప్పొడియు హెచ్చినవి. దీనివలన, ఎవరో వచ్చి యడవిని గొట్టి, కాల్చి, పశువులను మేపి, పైరు వేసిరని యాతడు గ్రహించెను. కొన్నియేండ్లకు భూమిసారము తరుగగా వారు విడిచిపోయిరి. చెట్లు మరల మొలచినవి. చేతివ్రాత లేకున్నను సేద్యపు కథయంతయు బురదలో వ్రాసియున్నది. అట్టి యడవిని రాతిగొడ్డళ్ళతో గొట్టుట సాధ్యమా యని శంకించినవారికి సమాధానముగా, తరువాత డెన్మార్కువారు ప్రాచీనమగు నిజమైన చెకుముకిరాతి గొడ్డళ్ళకు పిడులు వేసి యొక యడవిభాగమును గొట్టి చూపిరి.

ఐర్లండు దేశపు కథ మాకు మరింత ప్రీతికరము. ఏలయన నందలి నాయకుడొక బడిపంతులు. మేయో మండలమున ప్యాట్రిక్ కాల్‌ఫీల్డ్ అను నుపాధ్యాయుడు వంటచెరకునకై యచ్చటివారు కోసికొను కుళ్ళినగడ్డి నేలను, మన యిండ్లలో పిడకలు కొట్టుకొన్నట్లు, ఇటుకలుగా గోయుచుండెను. అడుగున రాళ్ళు వరుసగా తగిలెను. ఇది 1930 ప్రాంతపు మాట. ఆ రాళ్ళు పేర్చినట్లుండుటయు, వానిపై గడ్డినేల మందముగా పెరిగి యుండుటయు జూచి, ఆ నేల పుట్టకముందే యెవరో కట్టిన గోడలివి యని యాయన తలచెను. ఆయన కుమారుడు సేమస్ పెద్దవాడై పురావస్తుశాస్త్రము చదివి, నేలను ద్రవ్వకయే పొడవైన యినుపకడ్డీలను గ్రుచ్చుచు రాయి తగిలినచోట గురుతు పెట్టుచు, మైళ్ళకొలది పొలపుగోడలను గనుగొనెను. సీడ్ క్షేత్రములని వానికి పేరు. అవి సుమారు అయిదున్నర వేల యేండ్లకు పూర్వపు పశువుల బీళ్ళని యాయన నిర్ణయించెను. ఆ కాలనిర్ణయమును నేడు కొందరు శంకించుచున్నను, ఆ గోడల వెనుకనున్న తండ్రి బుద్ధిసూక్ష్మతను శంకించువారు లేరు. చేతిపని చేయుచు, చేతికి తగిలినదానిని గమనించుటయే యాయన చేసిన పరిశోధన.

ఇంతవరకు పరదేశపు మాట. ఇక మన యింటి ముంగిటికి వత్తము.

మన తెలంగాణమున గుట్టల దరిని, పెద్దబండలను నిలిపి పైన నొక బండ కప్పిన గదుల వంటి కట్టడములును, గుండ్రముగా పేర్చిన గుండ్ల వలయములును బహుచోట్ల గలవు. పల్లెలలో వానిని రాక్షసగుళ్ళందురు. అంతటి బండలను మనుష్యులెత్తలేరు గనుక రాక్షసులే కట్టియుందురని యూహ. డెన్మార్కులోను నిట్టి రాతిగదులు గలవు. అచ్చటి జనులు పెట్టిన పేరునకు కూడ రాక్షసుల గది యనియే యర్థము! డచ్చిదేశమున రాక్షసుల పడకలందురు. మూడు జాతులవారు ఒకేవిధమగు రాళ్ళను జూచి యొకే కథ కల్పించుకొనిరి. మానవుని యాశ్చర్యమున కెల్లెడల నొకటే భాష కాబోలు.

వానిని ద్రవ్విచూచినవారికి రాక్షసులు కనబడలేదు. మనవంటి మనుష్యుల యెముకలును, వారితో బెట్టిన నలుపు ఎరుపు రంగుల నున్నని కుండలును, ఇనుప కత్తులును, బాణపు ములుకులును, పూసలును దొరకినవి. అవి సమాధులు. నైజాము కొలువులో నుండిన మెడోస్ టేలర్ అను నాంగ్లేయుడు షోరాపూరు ప్రాంతమున నిట్టివానిని ద్రవ్వించి, తన దేశపు రాతిసమాధులతో బోల్చి వ్రాసెను. అవి రెండును నొకజాతివారి పనియేమో యని యానాటివారు తలచిరి. నేటి లెక్క ప్రకారము డెన్మార్కు రాక్షసగదులు క్రీ.పూ. 3200 ప్రాంతమువి, మన దక్కనులోనివి క్రీ.పూ. 1200 ప్రాంతమున మొదలై క్రీస్తుశకారంభము వరకు గట్టబడినవి. రెంటికి నడుమ రెండువేల యేండ్లు. కావున పోలిక రాతిలో గలదు గాని రక్తములో లేదు.

హైదరాబాదు చుట్టునే యిట్టి తావు లనేకములు. మౌలాలి, హష్మత్‌పేట, భువనగిరి దారిలోని రాయగిరి ప్రసిద్ధములు. 1914 లో నైజాము ప్రభుత్వము పురావస్తుశాఖను గులాం యజ్దానీగారి యాజమాన్యమున నెలకొల్పినది. ఆ దినములలోనే, 1916 లో, డాక్టరు హంటు ఈ నగరపు చుట్టునున్న సమాధులను గూర్చి హైదరాబాదు పురావస్తు సంఘపు పత్రికలో వ్రాసెను. గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయపు ఆవరణలోనే యట్టి సమాధులు బయల్పడగా ఆచార్య కె. పి. రావుగారు త్రవ్వకములు జరిపిరి. కృష్ణానది యొడ్డున, నారాయణపేట జిల్లాలోని ముడుమాలులో పది పండ్రెండడుగుల నిలువురాళ్ళు గుంపుగా నిలిచియున్నవి. అందొక రాతిపై చెక్కిన చిన్నగుంటలు సప్తర్షిమండలమును బోలియున్నవని రావుగారు చెప్పుదురు. పెండ్లినాటి రాత్రి మనకు అరుంధతిని జూపింతురు గదా. ఆ నక్షత్రము సప్తర్షులలోని వసిష్ఠుని ప్రక్కననే యుండును. రాతియొడ్డున నిలిచి యా తారలను లెక్కించినవా రెవరో మనకు మరీ పరాయివారుగా దోపరు. 2025 లో ముడుమాలు నిలువురాళ్ళు ప్రపంచ వారసత్వ స్థలముల ప్రాథమిక జాబితాలో జేర్పబడినవి.

సమాధులు మృతుల మాట చెప్పును. బ్రతికినవారు ఏమి తినిరి, భూమి నెట్లు వాడుకొనిరి? ఈ ప్రశ్నకు సమాధానము మరింత ప్రాచీనమగు తావులలో దొరకినది. అవి బూడిదదిబ్బలు.

బళ్ళారి, రాయచూరు, మహబూబునగరము, అనంతపురము సీమలలో కొండల దరిని బూడిదరంగు దిబ్బలు గలవు. కొన్ని మిద్దెకంటె నెత్తు. లోపల గాజువలె కరగి గట్టిపడిన చిట్టెమును గనబడును. హంపీకి దగ్గరనున్న నింబాపుర దిబ్బను వాలి దహనమైన చోటని చెప్పుకొందురు. కిష్కింధ యచ్చటనే యని నమ్మిక గనుక ఆ మాట సహజముగనే పుట్టినది. బళ్ళారి మార్గమున నొక కనుమకు బూదికనమ యనియే పేరు. తొలినాటి దొరలు కొందరు అగ్నిపర్వతపు బూడిద యనుకొనిరి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మాత్రము, ఇవి రాతిగొడ్డళ్ళ కాలపు మనుష్యుల దిబ్బలనియు, కాలినది పేడ యనియు గత శతాబ్దికి ముందే వాదించెను. వాదము నిలిచియే యుండెను గాని తీరలేదు.

1957 లో ఆల్చిన్ అను నాంగ్ల పండితుడు మహబూబునగరపు సీమలోని ఉట్నూరు దిబ్బను కోసి చూచెను. ఇది ఆదిలాబాదు ఉట్నూరు గాదు. మఖ్తలు దరినున్న పల్లె. అడుగున వరుసలుగా స్తంభపు గుంటలు బయల్పడినవి. పెద్ద మ్రాకులను పాతి కట్టిన దొడ్డి యది. ఒకసారి కాలినది, మరల గట్టిరి. మరల కాలినది, మరల గట్టిరి. రెండు బూడిదపొరల నడుమ నేలపై పశువుల గిట్టల గురుతులు చెక్కుచెదరక నిలిచియున్నవి! ఏ తొలకరి జల్లుననో తడిసిన నేలపై నడచిన యావుల యడుగులు, సుమారు నాలుగున్నర వేల యేండ్లు మాయక యుండినవి. జోయ్‌నర్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి దిబ్బల బూడిదను పరీక్షించి, 1960 లో, అది యావుపేడ బూడిదయేనని తేల్చెను. పేడకుప్ప చిరకాలము పెరిగి ఒక్కసారి మండినచో లోపలి వేడికి బూడిద కరగి గాజగును. చిట్టెమునకు గారణ మదియే.

ఏల కాల్చిరి? దొడ్డి శుభ్రపరచుటకని కొందరు, పండుగగా నని కొందరు. భోగిమంటలను, సంక్రాంతినాడు కొన్ని సీమలలో పశువులను మంటదాటించు నాచారమును జూచి, ఆల్చిన్ పండితుడు నేటి పండుగలలో ఆనాటి జ్ఞాపక మేదో మిగిలియున్నదేమో యని యూహించెను. ఊహ యూహయే. కాని పేడను అంతగా పోగుచేసి నిప్పుపెట్టిరనిన, ఆనాడు వారికి పశువులు పుష్కలమనియు, పొలమునకు పేడ యెరువు వేయు పద్ధతి యింకను బలపడలేదనియు నెంచవచ్చును. మన యిండ్లలో చేటెడు పేడ వ్యర్థము గానీయము గదా. తరువాత ఆచార్య పద్దయ్యగారు షోరాపూరు సీమలోని బుదిహాళు దిబ్బను 1989 మొదలు కొన్నియేండ్లు శ్రమపడి త్రవ్వి, దొడ్డి ప్రక్కననే నివాసపు టిండ్లును, పశువులను గోసి మాంసము పంచుకొన్న తావును గలవని చూపిరి. వారి భోజనము మన భోజనము గాదు. దాని కేల దాపరికము?

ఇక గింజల మాట. ఇది మన సోదరీమణులకు విశేషముగా నచ్చును. నేలలో మాడినగింజ యున్నదని యెట్లు తెలియును? బియ్యము కడుగునపుడు మనము చేయు పనియే వారును చేసిరి. మట్టిని నీటిలో బోసి కలచిన మాడినగింజలు తేలును, మన్ను దిగును. దానిని సన్నని జల్లెడతో బట్టుదురు. మనము గాలించుట యనుదానికి వారు శాస్త్రమని పేరిడిరి, అంతియే భేదము. డోరియన్ ఫుల్లర్ అను వృక్షశాస్త్రవేత్తయు, రవి కొరిశెట్టరు, వెంకటసుబ్బయ్యగారలును బళ్ళారి దరి సంగనకల్లునందును, కడప జిల్లా పెద్దముడియము, హనుమంతరావుపేట మున్నగు తావులందును నిట్లు మట్టిని గాలించి, 2004 లో ఫలితములను బ్రకటించిరి. క్రీ.పూ. 2000 నాటికే యీ నేలపై జనులు వండుకొన్నవి ముఖ్యముగా నాలుగు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, మరియొక సన్నపు కొర్రజాతి గింజ. గోధుమలును యవలును కొన్నిచోట్ల కొంచెముగా గలవు. వరి యన్నము వారికి నిత్యాహారము గాదు.

ఉలవచారు తాగునపుడు మనమెంత ప్రాచీనమగు రుచిని నోటబెట్టుకొనుచున్నామో యోచింపుడు. ఉలవలు పేదల గింజలని, పశువుల దాణా యని తక్కువచేయుదుము. అది యీ దక్కను నేల తొలిపంటలలో నొకటి. మరియొక సంగతి: మనము పూర్వులనాటి తిండియని పొగడు జొన్నలు, సజ్జలు, రాగులు మాత్రము ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవి. అనుములును అక్కడివే. కందులు తూర్పుకనుమల యావలి సీమనుండి దిగినవి. మన పోపులోని మిరపకాయ యమెరికానుండి వచ్చి నాలుగైదువందల యేండ్లే యైనది. వంటిల్లు సంతవంటిది, కొందరు ముందు వచ్చి కూర్చుందురు, కొందరు పిదప వత్తురు. మనదనిన గర్వము మంచిదే గాని, అది యెవరెవరి చేతులమీదుగా వచ్చినదో తెలిసిన గర్వమునకు వినయము తోడగును.

ఆ గింజలను నూరినవి యేవి? పల్లముగా నరిగిన బండలును, వానిపై రుద్దు గుండురాళ్ళును ఆ తావులన్నిటను దొరకినవి. కొండబండలపైననే నున్నగా నరిగిన పల్లములు గలవు. తిరుగలి యప్పటి కింకను లేదు. అది చారిత్రకయుగపు తొలిదినములలో వచ్చినది. రాతిపై రాయి ముందువెనుకలకు ద్రోసి నూరుటయే యానాటి పద్ధతి. అనగా మన సన్నికల్లును, పొత్రమునే. ఆ రాతిని ద్రోసిన చేతులు స్త్రీలవే యని నేల చెప్పదు. చెప్పనిదానిని మనము చెప్పింపరాదు. కాని యెవరివైనను, ఆ మోకాళ్ళ నొప్పియు, ఆ నడుము నొప్పియు మన యవ్వలు ఎరిగినదే.

వారు నివసించిన చోట్లను గమనింతము. వారు నదీతీరపు నల్లరేగడికి మాత్రమే పోలేదు. నల్లరాతి గుండ్లకొండల దరినే విశేషముగా నుండిరి. కారణము సులభము. వర్షమంతయు బండలపై నిలువక జారి కొండ మొదటికి దిగును. అచ్చట నేల తడిగానుండును. చెలమ త్రవ్విన నీరూరును. గుండ్ల నడుమ నీడయు, గొడ్డళ్ళకు రాయియు, గుట్టపై పశువులకు మేతయు గలదు. ఎఱ్ఱచెలకలో ఉలవలు చల్లవచ్చును. మన జల్‌పల్లి చెరువు గట్టుపై నిలిచి పహాడీషరీఫు గుట్టవైపు చూచిన నీ లెక్కయంతయు కంటికి దెలియును. గుట్ట, గుట్టక్రింద చెలక, చెలకక్రింద చెరువు. కట్టలు కట్టి చెరువులను నిలుపు విద్య చాలకాలమునకు బిమ్మట వచ్చినది గాని, నీరేచోటికి దిగునో చూచి యిల్లు కట్టుకొను తెలివి మాత్రము ఆ ప్రాచీనులదే.

ఇప్పుడు మనము ఆ తెలివిని మరచి, ఆ గురుతులను గూడ చెరుపుచున్నాము. నగరము నలుదిక్కుల బెరుగుచున్నది. శంషాబాదులో విమానాశ్రయము 2008 లో సుమారు అయిదువేల అయిదువందల యెకరములలో దెరవబడినది. దాని చుట్టును దారులును, గిడ్డంగులును, ఇండ్లును వచ్చినవి. గుండ్లను పగులగొట్టి కంకర చేసి, గుట్టలను చదునుచేసి, గుంటలను బూడ్చుచున్నారు. ఒక గుండ్ల వలయము యంత్రమునకు నొక గంట పని. అది సమాధియో, వట్టి రాళ్ళో చూచినవారు లేకున్న మరల జూచుటకు వీలులేదు. బళ్ళారి సీమలో కొన్ని బూడిదదిబ్బలను రైతులు ఎరువునకు బండ్లతో దోలుకొనిపోయిరి. వారిని నిందింపజాలము, వారికది బూడిద. మేము మాత్రము నిందకు దూరము గాము. మేముండు నింటి పునాదిలోని రాయి యే గుట్టది? మా వారి పాఠశాలకు బోవు దారిలోని కంకర యే వలయముది? మేమెన్నడు నడుగలేదు. ఇండ్లు కావలెను, దారులు కావలెను. కాని కట్టుటకు ముందు ఒక్కసారి చూచుట కేమి యడ్డము?

కావున మన సోదరీమణులు చేయదగిన పనులను కొన్నింటిని విన్నవింతుము. ఇందు వ్యయము లేదు. గమనము మాత్రమే కావలెను.

మొదటిది: మీ యూరి గుట్టదరిని, చెలకలో, వాగు కోసిన యొడ్డున నలుపు ఎరుపు రంగుల నున్నని పెంకులు గాని, అంచు అరగదీసిన నల్లరాతి గొడ్డలి గాని, గుండ్ల వలయము గాని కనబడినయెడల, దానిని కదల్పక, చేతనున్న యంత్రముతో ఛాయాచిత్రము దీసికొనుడు. ప్రక్కన నొక గరిటెయో, పుస్తకమో పెట్టిన కొలత తెలియును. ఎచ్చట దొరకినదను మాటయే యీ విద్యకు ప్రాణము. చోటు తప్పిన వస్తువు పేరు తప్పిన బిడ్డవంటిది.

రెండవది: స్వయముగా త్రవ్వరాదు. నిధి దొరకునను భ్రమచే సమాధులను ద్రవ్వి పాడుచేసినవారు మెండు. అందు బంగారముండునని యాశించుట వెఱ్ఱి. భూమిలో దొరకిన విలువగల ప్రాచీన వస్తువును గూర్చి కలెక్టరునకు దెలుపుట చట్టము. తెలంగాణ ప్రభుత్వ వారసత్వ శాఖకును దెలుపవచ్చును. గ్రామపు టుపాధ్యాయునిచేత నొక యుత్తరము వ్రాయించుట యెంతటి పని?

మూడవది: చెట్టు మొదట నల్లని నున్నని రాయి దేవతగా వెలసియున్నచో దానిని కదల్పవలదు. పొలములలో దొరకిన ప్రాచీనపు రాతిగొడ్డళ్ళను పల్లెజనులు దేవతలుగా నిలిపి పసుపు కుంకుమలు పెట్టుట మన దక్షిణదేశమున గలదు. ఆ భక్తియే యా రాతిని కంకర గాకుండ గాపాడుచున్నది.

నాలుగవది: పిల్లలకు చెప్పుడు. మా వారి బడిలోని పిల్లలలో నొకడు చెరువుగట్టున దొరకిన పెంకు నొకదానిని దెచ్చి, "ఇది వెయ్యేండ్లదా సారూ?" అని యడిగినాడట. అది నిన్నటి కుండదే కావచ్చును. మా వారు వానిని నవ్వక, ఎచ్చట దొరకినదో పటము గీయించి, పెంకును మరల నచ్చటనే యుంచి రమ్మని పంపిరి. వాడు పటము చక్కగా గీసినాడు. పెంకు వయస్సు తెలియలేదు గాని బాలునికి చూచుట తెలిసినది.

చివరకు అవ్వ సన్నికల్లు సంగతి. కోడలితో మేము మాటలాడితిమి. ఆమె చెడ్డది గాదు. క్రొత్త మేడలో వంటగది చిన్నది, రాయి బరువు, దానిమీద గూర్చుండి నూరుటకు తీరిక లేదు. అది యంతయు నిజమే. మా వంటింటను మిక్సీ గలదు. లేదని చెప్పిన నసత్యమగును. నూరుడు కష్టము తప్పినందులకు మేమెవ్వరమును విచారింపవలదు. వేలయేండ్ల నొప్పి తొలగినది. కాని పనిముట్టును విడుచుట వేరు, పునాదిలో పూడ్చుట వేరు. పెండ్లిలో వధువు చేత సన్నికల్లు త్రొక్కించునపుడు రాతివలె స్థిరముగా నుండుమని దీవింతురు గదా. ఆ దీవెన నిచ్చిన రాతికి మన యింట నొక మూల చోటు లేకపోవుట న్యాయమా యని యడిగితిమి.

కోడలు కొంతసేపూరకుండి, "మెట్ల కింద పెడదాం అత్తమ్మా" అనెను. అవ్వ లేచినది. ఇద్దరు కూలివాండ్రు రాతిని మోసికొనిపోయి మెట్ల క్రింద వాల్చిరి. పొత్రమును మాత్రము అవ్వ తన కొంగున జుట్టి తానే తీసికొని పోయెను.

ఆ రాతిని చేసిన రాతిపనివాడు అవ్వ యత్తగారి యత్తగారి కాలమువాడే కావచ్చును. కాని రాతిపై రాయి పెట్టి గింజను నూరి బిడ్డకు బెట్టు విద్యకు ఈ నేలపై వయస్సు నాలుగువేల యేండ్లకు తక్కువ గాదు. మీ యింటి సన్నికల్లు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో, ఇంటనున్న పెద్దలను అడిగి వ్రాసి యుంచుడు. పెద్దలున్నంతవరకే వారిని అడుగ వీలగును. ఆ తరువాత రాయినే అడుగవలెను.